దూఫియె నేర్పని మాట

కుమాసీ బజారులో పెండలం దుంపలమ్మే దూఫియె నోరు పెద్దది. మనసు అంతకన్నా పెద్దది. నెత్తిన బరువులు మోసి బతకడానికి ఉత్తరాది నుంచి వచ్చే ఆడపిల్లలకు ఇరవయ్యేళ్లుగా ఆమే అక్కడి ట్వి భాష నేర్పుతోంది. పలకా బలపం లేవు. నోరు తెరిచి ట్విలో అడిగితేనే మంచినీళ్లు, అడిగితేనే ఉడికిన దుంప.

"చేతులూపితే నాకు వినపడదే అమ్మాయ్! ముందు 'మెపావొచెవ్' అను. దయచేసి అని అర్థం. అన్నంత మాత్రాన నీ పళ్లేం రాలిపోవులే."

అలా వచ్చిన రహీనతుకు ఈ చదువు మూడు నెలలు సాగింది. బరువులు మోసి మోసి ఆ పిల్ల మెడ పట్టేసింది. ఇక తట్ట ఎత్తొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఉల్లిపాయల వరుసలో కూర్చుని అమ్ముకునే చోటు దొరికితే సరే, లేదంటే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవడమే. చోటు ఇవ్వాల్సింది ఆ వరుసకు పెద్ద, అందరూ గౌరవంగా నానా అని పిలిచే అచియా. ఆవిడకు మర్యాద తెలియని వాళ్లంటే ఒళ్లు మంట.

"వెళ్లగానే పలకరించు. నీళ్లిస్తారు, తాగు. తాగాక ఏం పని మీద వచ్చావని వాళ్లే అడుగుతారు. అప్పటిదాకా చోటు ఊసెత్తావో, నీ పని అయిపోయినట్టే!" అని దూఫియె వందసార్లు చెప్పింది.

"సరే ఆంటీ" అని రహీనతు వందసార్లూ తలూపింది.

ఆ రోజు దూఫియె తనే వెంటపెట్టుకెళ్లింది. పలకరింపులయ్యాయి. నానా అచియా నీళ్ల గ్లాసు అందించింది. అప్పుడు గుర్తొచ్చింది దూఫియెకు, ఇది రంజాను నెలని. పిల్ల ఉపవాసంలో ఉంది! నీళ్లు తాగితే ఉపవాసం పోతుంది, తాగకపోతే చోటు పోతుంది. అన్నీ నేర్పిన తాను ఈ ఒక్క సంగతి ఎలా మరిచిందో! తన్ను తాను తిట్టుకుంది.

రహీనతు కుడిచేత్తో గ్లాసు అందుకుంది. "సెబె, నానా," అంది. సెబె అంటే కష్టమైన మాట చెప్పే ముందు తప్పు కాయమని కోరే మాట. "నాకు ఉపవాసం. ఈ నీళ్లు నా బదులు మా అమ్మ తాగుతుంది."

గ్లాసు దూఫియె చేతిలో పెట్టింది.

ఇరవయ్యేళ్లలో ఎందరో ఆంటీ అన్నారు. అమ్మా అన్న వాళ్లు లేరు. దూఫియె కళ్లు తుడుచుకుంటూ చుక్క మిగల్చకుండా తాగింది.

"ఏమే దూఫియె, ఉత్తరాదిన నీకింత కూతురుందని చెప్పనేలేదే!" అని నానా అచియా పగలబడి నవ్వింది. "చెప్పు తల్లీ, ఏం పని మీద వచ్చావు?"

మాటసాయం చేద్దామని వచ్చిన దూఫియె ఖాళీ గ్లాసు పట్టుకుని పక్కకు జరిగింది. చోటు కూతురే అడిగి తీసుకుంది.