కొబ్బరి పీచు పెట్టిన కారు

మా ఉద్దానంలో ఒక రోత పనిని తెలివి అంటారు. దాన్ని చెప్పుకుని మురిసేవాళ్లే తప్ప ఎక్కడా రాసి పెట్టినవాళ్లు లేరు. టెక్కలి గ్రంథాలయంలో కార్ల మరమ్మతు మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. పదో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా ఆ బల్లల దగ్గరే చదువుకున్నవాణ్ణి. ఇంజన్ల గురించి, గేర్ల గురించి అందులో పేజీలకు పేజీలు ఉన్నాయి. మావాళ్లు చేసే ఈ పని గురించి ఒక్క ముక్క లేదు. అందుకే నేను రాస్తున్నాను.

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆమెను అక్కుపల్లి దగ్గరి మా ఊరి నుంచి పలాసకు డయాలిసిస్‌కి తీసుకువెళ్లాలి. కారు మా బావది, నడిపేది నేను. జీడి కోతల రోజుల్లో అదే కారులో బావ పిక్కల బస్తాలు కుక్కేవాడు. వద్దంటే, "ఉద్దానంలో ఉన్నాక కారైనా మొయ్యాల, ఎద్దైనా మొయ్యాల" అనేవాడు.

మోయగా మోయగా ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని శబ్దం మొదలైంది. బావ కారుని కాశీబుగ్గలో తనకు తెలిసిన షెడ్డుకి తోలుకెళ్లాడు. సాయంత్రానికి శబ్దం మాయం. బావ మీసం దువ్వుకున్నాడు.

మర్నాటి నుంచి కారు నా మాట వినడం మానేసింది. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా కల్లు తాగినవాడిలా అటూ ఇటూ పోయేది. బ్రేకు నొక్కితే ఎడమకి లాగేది. లాగినప్పుడల్లా వెనక సీట్లో అక్క తలుపు పిడిని గట్టిగా పట్టుకునేది, అదీ సూదులు గుచ్చే చేత్తో. ఆ చేతి మీద బలం పెట్టవద్దని, ఆ నరం పాడైతే డయాలిసిస్‌కి ఇంకో దారి వెతకాలని నర్సు ఎన్నిసార్లో చెప్పింది. భయంలో చేతికి ఆ మాట గుర్తుంటుందా?

షెడ్డువాడిని అడిగితే, "రోడ్డు అలగుంది బావ, బండేటి సేస్తాది?" అన్నాడు. వాడికి అందరూ బావలే. చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. రెండు రోజులకే ఎడమ టైరు లోపలి అంచు అరగడం మొదలుపెట్టింది. టీ బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్లంతా షాక్ అబ్జార్బర్లు పోయాయని తేల్చేశారు. అందులో ఒక్కడు కూడా కారు కిందికి వంగి చూసినవాడు కాదు. చూడకుండా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

పుస్తకంలో ఉన్నట్టే కారు ముందు ఎడమ మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలాను. కారు ఒకసారి పైకి లేచి ఆగిపోయింది. షాక్ పోతే ఊగుతూనే ఉంటుంది. కాబట్టి అది కాదు. జాకీతో ఎత్తి, కింద దిమ్మ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. లోపల కటకటమంది. బావని బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను.

"ఏటి బామ్మర్దీ, పుస్తకాలు సదివి డాట్రువైపోనావేటి?"

"తొక్కు బావా, తరవాత నవ్వుదువు."

బ్రేకు తొక్కినా కటకట పోలేదు. బేరింగుదైతే పోయేది. అంటే చక్రం కింద కీలులా ఉండే బాల్ జాయింట్ అరిగింది. ఇక మిగిలింది చక్రాన్ని కారుకి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్. దాని చివర కుదుపుల్ని మింగే రబ్బరు బుష్ ఉంటుంది. అక్కడ గునపం పెట్టి ఎత్తితే ఆర్మ్ వేలి మందం జరిగింది. ఆ సందులోంచి నల్లటి గ్రీజు ముద్దతో పాటు పీచు ఊడి వచ్చింది. కొబ్బరి పీచు! తాడులా పేని, పాత ఇంజన్ ఆయిల్లో నానబెట్టి, రబ్బరు ఉండాల్సిన చోట దట్టించాడు షెడ్డువాడు. కుళ్లు కంపు.

అక్క గుమ్మంలోంచి చూసింది. "మీ బావాబామ్మర్దులు తీరిగ్గా తగువాడుకోండి గాని, నన్ను మాత్రం జీడితోటలో దించీయకండి తమ్మా" అంది.

బావ ఆ పీచుని కాలితో తన్నాడు.

కారుని మెల్లగా షెడ్డుకి తోలుకెళ్లి, ఆ ముద్దని వాడి బల్ల మీద పెట్టాను.

"ఇదేటి?" అని అడిగాను.

"సౌండు వొత్తందన్నాడు మీ బావ. ఇప్పుడు వొత్తందా? నేదు. మరింకేటి?"

"సౌండు వొత్తే బుష్ పోయిందని తెలిసీది. నువ్వు దాని నోట్లో గుడ్డలు కుక్కీసినావు."

"మన పీసు సముద్రంలో ఏసినా కుళ్లదు బావ. రబ్బరు రెండేళ్లకి పోతాది. ఇక్కడ సానా బళ్లకి ఇదే ఎట్టినాను. ఒక్కడు కూడా సౌండని మళ్లీ రాలేదు."

ఎందుకు వస్తారు? సౌండు రాదుగా. పక్కన కూర్చున్న ఇద్దరు, "సూడు, ఎంత బుర్రో" అని వాడిని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు పీచు కన్నా రోతగా అనిపించింది.

టెక్కలి నుంచి కొత్త ఆర్మ్, బాల్ జాయింట్ తెప్పించి, పనిముట్లు వాడివే కాబట్టి వాడి చేతే బిగింపజేశాను. ప్రతి బోల్టు దగ్గరా నిలబడ్డాను. ఆపైన మళ్లీ అలైన్‌మెంట్ చేయించాను. మేం వెళ్లేటప్పుడు వాడు ఆ పీచు ముద్దని దులిపి అరలో పెట్టుకున్నాడు. "ఇంకో బండికి పనికొత్తాది" అన్నాడు.

తర్వాతి ప్రయాణంలో ఒక మేకల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు వేశాను. కారు గీత గీసినట్టు ఆగింది. అద్దంలో చూస్తే అక్క రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. "మేకలు బాగున్నాయిరా" అంది.

పేర్లు రాస్తే మా ఊళ్లో చెడ్డవుతాను, అందుకే వరసలతోనే దండాలు. గడువు దాటినా కారు మరమ్మతు బొమ్మల పుస్తకం తిరిగి అడగని గ్రంథాలయం అమ్మగారికి, ఆర్మ్ తెప్పించిన టెక్కలి దుకాణం తాతకి, కారు షెడ్డులో ఉన్న రోజు అక్కని తన ఆటోలో మెల్లగా తీసుకెళ్లిన పక్కింటి చిన్నాన్నకి, బ్రేకు తొక్కిన బావకి, నేను నడిపే బండిలో ఇంకా కూర్చుంటున్న అక్కకి. ఆ షెడ్డువాడికి ఏమీ లేదు. వాడు పీచు పెట్టిన కార్లు ఈ రోజు కూడా చప్పుడు లేకుండా మా రోడ్ల మీద తిరుగుతున్నాయి.