నలభై గుర్రాలు, నలభై తోకలు

షార్జా ఊరవతల సజ్జాలో మాది సరుకు పేర్చే కొయ్య ప్యాలెట్లు చేసే వర్క్‌షాపు. పైన్ పలకలు వస్తాయి, మేకులు కొడతాం, లారీల్లో పోతాయి. నిర్మల్ వైపు కొయ్యబొమ్మలు చెక్కిన చేతులు నావి. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ మేకులు కొడుతున్నాయి. షెడ్డు మూలన ఒక బెంచి ఉండేది. ఉలి పట్టే పనంతా దాని మీదే. దాని మీద పనిచేసే పెద్దమేస్త్రి, మా ఉస్తాద్, తన దేశం వెళ్ళిపోయాక ఖాళీగా పడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నోరూరేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఊరేది.

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలం, స్వీడన్ దేశపు పాతకాలపు వస్తువుల మ్యూజియం వాళ్ళు షార్జాకు వచ్చి ఇక్కడి మ్యూజియంలో బడిపిల్లలకు తరగతులు పెట్టారు. పూర్వం వాళ్ళ పల్లెల్లో జనం ఎట్లా బతికారో పిల్లల చేతనే చేయించి నేర్పుతారట. ఉన్ని వడకడం, రొట్టె ఒత్తడం, కొయ్యగుర్రానికి రంగులేయడం. తీరా చూస్తే గుర్రాల పెట్టె ఓడలో ఎక్కడో చిక్కుకుపోయింది. ఆ పని మా షెడ్డుకొచ్చింది. మా ముదీర్, అంటే మేనేజరు, ఒక నమూనా గుర్రం తెచ్చి నా ముందు పెట్టాడు.

"నలభై కావాలి, గురువారం పొద్దున కల్లా. మంచిగా చేస్తే ఆ బెంచి నీది. ఖరాబు చేస్తే మళ్ళీ ప్యాలెట్లే. ఖలాస్" అన్నాడు హిందీలో.

గుర్రం ముద్దుగానే ఉంది. పొట్టికాళ్ళు, బలిసిన మెడ, ఒళ్ళంతా ఎర్రరంగు. వెనక్కి తిప్పి చూద్దును కదా, తోక లేదు!

"దీని తోక ఇరిగిపోయినట్టుంది భాయ్" అన్నాను, పక్కన రంగులు కలుపుతున్న నెల్లూరు భాయ్‌తో.

"ఇరిగితే మచ్చుండాల గదన్నా. ఈడ నున్నంగా ఉండాదే."

"ఇరిగినంక రుద్ది రంగేసిన్రు. మనం చెయ్యమా ఏంది?"

"ముదీర్ని ఒక మాట అడగరాదా?"

అడగడమా! తోక లేని గుర్రం భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా? మా ఇంట్లో బొమ్మకు కన్ను, చెవి, తోక, ఏది తక్కువైనా మా నాన్న దాన్ని తిన్నగా పొయ్యిలో పెట్టేవాడు. అదీగాక, అడిగితే నాకు పని రాదనుకుంటాడు ముదీర్. బెంచి పోతుంది. అందుకే అడగలేదు. నలభై గుర్రాలకు నలభై తోకలు చెక్కి, వెనక బెజ్జాలు పెట్టి, జిగురు పూసి దిగగొట్టాను. ఎగిరే తోక ఒకటి, వేలాడే తోక ఒకటి, ఈగల్ని తోలే తోక ఒకటి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

"గుర్రాలకన్నా తోకలే బలిసినాయన్నా" అన్నాడు నెల్లూరు భాయ్. కడుపుమంట అనుకున్నాను.

గురువారం ముదీర్, నేను పెట్టె తీసుకుని మ్యూజియానికి వెళ్ళాం. స్వీడన్ టీచరమ్మ, తలకు రుమాలు, గళ్ళగౌను, ఒక గుర్రాన్ని తీసి తోక పట్టుకుని చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని నా ఛాతీ ఉబ్బింది. ఆమె ముదీర్‌తో ఇంగ్లీషులో ఏదో మెల్లగా చెప్పింది. ముదీర్ మొహం మాడిన అట్టులా అయింది.

"వాళ్ళ గుర్రానికి తోక ఉండదట! ఎన్నడూ లేదట! కట్టెలు కొట్టేవాళ్ళు చలికాలం పొయ్యి పక్కన కూర్చుని అట్లనే చెక్కేవాళ్ళట. పిల్లలకు నేర్పేదే అది. తోక పెట్టమని నీకెవడు చెప్పాడు?"

నేను వంగి పెట్టెలోని గుర్రాల్ని సర్దడం మొదలుపెట్టాను.

"అరగంటలో పిల్లల బస్సు వస్తుంది. అన్నీ కోసెయ్. యల్లా, తొందరగా!"

రంపం తీసుకుని నేల మీద కూలబడ్డాను. ఒక్కో తోకా తెగుతుంటే నా బెంచి కాళ్ళు ఒక్కొక్కటే విరుగుతున్నట్టుంది. "ఏమనుకోకు బిడ్డా" అని గుర్రానికి చెప్పడం, పరపరా కోయడం. సగం కూడా కాకముందే పిల్లలు వచ్చి నన్ను చుట్టేశారు.

"అంకుల్, మీరు తెలుగా?" అంది వాళ్ళలో ఒక పిల్ల. వాళ్ళు షార్జాలోనే అల్ నహ్దా పేటలో ఉంటారట. "గుర్రం తోక ఎందుకు కోసేస్తున్నారు?"

"ఆ దేశంల గుర్రాలకు తోకలుండయంట బిడ్డా."

"మరి ఈగలొస్తేనో?"

నేను ఇంకో తోక మీద రంపం పెట్టాను. ఆ పిల్ల ఊరుకుంటుందా! వెళ్ళి టీచరమ్మనే నిలదీసి, తిరిగొచ్చి నాకు తెలుగులో చెప్పింది: "అక్కడ చలి కదా, ఈగలుండవంట. ఇక్కడ ఉన్నాయి కదా మిస్ అన్నాను."

టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఈలోగా పిల్లలు కోసిన తోకల మీద పడ్డారు. ఆమె తోక లేని నమూనా గుర్రాన్ని ఒక చేత్తో, నా తోక గుర్రాన్ని ఒక చేత్తో ఎత్తి చూపించి, ఇది మా పద్ధతి, ఇది ఈయన పద్ధతి, మీకేది కావాలో చేసుకోండి అంది. ఒక్కరంటే ఒక్కరు తోక వద్దనలేదు. కోసినవన్నీ మళ్ళీ అతికించాను. ఒకడు రెండు తోకలు కావాలన్నాడు, అతికించాను. ఒకతి తోకను నెత్తి మీద పెట్టమంది, పెట్టాను. తర్వాత మా ఊరి బొమ్మల సంగతి చెప్పమన్నారు. నేను మా బొమ్మలు చెక్కే తేలికపాటి పొణికి కర్ర గురించి చెబుతుంటే అల్ నహ్దా పిల్ల ఇంగ్లీషు చేసింది. ముదీర్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నవ్వలేదు.

తిరుగుదారిలో వ్యాన్ సగం దూరం వచ్చాక నోరు తెరిచాడు. "తోక ఎవడు పెట్టమన్నాడో నువ్వింకా చెప్పలేదు."

"ఎవ్వలూ చెప్పలే సాబ్. ఇరిగిందనుకున్నా. అడుగుదామంటే, పని రాదని బెంచి ఇయ్యరేమోనని భయమైంది." ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

"ఆవిడకి వచ్చేవారానికి ఇంకో నలభై కావాలట" అన్నాడు ముదీర్. "తోకలు విడిగా, సంచిలో. రేపటి నుంచి బెంచి మీద కూర్చో. కానీ ఈసారి తెలియకపోతే అడిగి చావు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను. తర్వాత, "తోక ఎంత పొడుగు పెట్టాలె సాబ్?" అన్నాను. ఎనిమిదేళ్ళలో ఆయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.