క్యాషా, ఇన్సూరెన్సా?

ఆసుపత్రి కౌంటర్‌లో అమ్మాయి నా పేరు అడగలేదు, ఎక్కడ నొప్పో అడగలేదు. క్యాషా, ఇన్సూరెన్సా అంది. కడుపుకి ఎమ్మారై స్కాన్ తీయాలంటే ముందు తేలాల్సింది అదేనట.

ఇన్సూరెన్స్ అన్నాను నేను, దర్జాగా. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టడమే తప్ప ఒక్క రూపాయి వెనక్కి తెచ్చుకున్న పాపాన పోలేదు. అయితే ఒక రాత్రి అడ్మిట్ అవ్వాలంది ఆ అమ్మాయి. ఊరికే వచ్చి స్కాన్ తీయించుకుని పోతే కంపెనీ ఇవ్వదట. గది అద్దె, డాక్టర్ చూసినందుకు ఫీజు, పైగా స్కాన్ రేటు కూడా వేరే. అన్నీ కలిపితే క్యాష్ రేటుకి మూడింతలు దాటింది. అదే మిషను, అదే కడుపు, రెండు ధరలు. ఇదెక్కడి చోద్యం అనుకున్నాను గానీ, మన చేతిలోంచి పోయేది కాదు కదా. నైటీ, దుప్పటి సర్దుకొస్తానన్నాను. మా ఆయన మాత్రం రేపు చెబుతామని నన్ను బయటికి తీసుకొచ్చాడు.

ఆయనకు మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఆ సాయంత్రం గిరాకీని వదిలేసి, తెలిసిన స్కాన్ సెంటర్లన్నిటికీ ఫోన్లు చేశాడట. బోయిన్‌పల్లిలో ఒకచోట అందరికంటే తక్కువ చెప్పారు, కానీ క్యాషే కట్టాలి. పొద్దున్నే అక్కడికి పోదామని అన్నం తింటూ చెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇది గిన్నెల బేరం కాదు, నా కడుపు అన్నాను. ఆ ఇన్సూరెన్స్ కార్డుని దేవుడి గూట్లో పెట్టి పూజ చేసుకోమన్నాను. ఒకటికి నాలుగు అనే మనిషి, కిక్కురుమనకుండా చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు బోయిన్‌పల్లిలో కుర్చీల్లో కూర్చున్నాక మళ్ళీ మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే నా పంతం డబ్బు కోసం కాదు. ఈ స్కాన్‌తో సంగతి తేలిపోతుంది, ఏవో మాత్రలు రాస్తారు, ఆ కార్డుతో ఇక పనే ఉండదు, అదీ నా ధీమా. ఇప్పుడు వాడకపోతే ఇంకెప్పుడు వాడతామని నిలదీశాను.

ఆయన నేల చూస్తూ మాట్లాడాడు.

‘‘దాన్ని ఇప్పుడు ముట్టొద్దు. ఏడాదికి గింతే ఇస్తరు గదా. స్కాన్‌కే గంత పోతే రేపు ఆపరేషన్‌కు ఏం జేస్తం? దాని తర్వాత సుత మస్తు ఖర్చులుంటయి.’’

ఆపరేషన్ అన్న మాట అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. మొన్న ఈ స్కాన్ రాసిన డాక్టర్ నన్ను బయట కూర్చోమని ఆయనొక్కణ్ణే లోపలికి పిలిచాడు. బిల్లు సంగతి కాబోలనుకున్నాను, అలాంటివి మగవాళ్ళతోనే మాట్లాడతారు కదా. అంటే స్కాన్ తీయకముందే వాళ్ళిద్దరికీ తెలుసు. తెలియనిది నాకే. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. భయం వేసింది.

‘‘గిట్ల పైసలు దాచుకుంట పోతే సరిపోతదా?’’ అని అడిగాను.

ఆయన అబద్ధమైనా చెబుతాడని ఆశపడ్డాను. ఎంత గట్టిగా ఆశపడ్డానో చెప్పలేను.

‘‘సరిపోదు,’’ అన్నాడు.

కౌంటర్‌లో పిలిచారు. ఆయన లేచి వెళ్ళి డబ్బు కట్టాడు. స్కాన్ గదిలోకి లోహం ఏదీ తీసుకుపోకూడదని, గాజులు, మెడలోది కూడా తీసేయమని నర్సు చెప్పింది. పెళ్ళయిననాటి నుంచి పుస్తెలు మెడలోంచి తీసి ఎరగను. మామూలుగా అయితే అక్కడ పెద్ద రగడే చేసేదాన్ని. ఇప్పుడు నేనే తీసి ఆయన చేతిలో పెట్టాను.