నర్సింగన్న దాచిన పళ్ల చక్రం

నర్సింగన్న పోయాడు.

నిన్న పొద్దున నానక్‌రామ్‌గూడ వెళ్లే షేర్ ఆటోలో ఉండగా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అన్న ఫోటో కనిపించింది. నిజం చెప్తున్నా, బర్త్‌డే అనుకున్నాను. కింద లైను చదివాక ఆటో ఆపమన్నాను. "ఈడ ఆపరాదు మేడం" అని డ్రైవర్ అంటున్నా దిగిపోయాను.

గుండెపోటు అట. నిద్రలోనే.

అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే వస్తోంది. ఏడుపు కన్నా కోపం ఎక్కువ వస్తోంది. ఎందుకో ఇక్కడే చెప్పాలి, అన్న మీలో చాలామందికి తెలుసు కాబట్టి.

తెలియనివాళ్ల కోసం. హైటెక్ సిటీలో మా పాత ఆఫీసు పని, పాత స్లైడ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. స్లైడ్ అంటే ఫిల్మ్ ముక్కను చిన్న ఫ్రేములో బిగించి ప్రొజెక్టర్‌తో గోడ మీద చూసేది. మా దగ్గరికి వచ్చేసరికి ఆ అట్ట ఫ్రేములు బూజు పట్టి ఉండేవి. బ్లేడుతో అట్ట చీల్చి ఫిల్మ్ తీసి, కొత్త ప్లాస్టిక్ ఫ్రేములో బిగించి, దాని మీద లేబుల్ కొట్టి, అప్పుడు స్కాన్ చేయాలి.

బిగించడానికి ఒక మిషన్, లేబుల్‌కి ఒక మిషన్. రెండూ వయసులో నాకంటే పెద్దవి. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. స్పేర్ పార్ట్ ఎక్కడా దొరకదు.

బిగించే మిషన్ నర్సింగన్నది. లేబుల్ మిషన్ నాది. రెండింటికీ డాక్టర్ అన్నే.

ఒకసారి బెల్టు తెగింది. మర్నాడు అన్న కొత్త బెల్టు వేసి మిషన్ ఆడించాడు. మధ్యాహ్నానికి పద్మ వదిన, అంటే అన్న భార్య, రిసెప్షన్‌లో ప్రత్యక్షం!

"నా కుట్టుమిషన్ బెల్టు యాడ? పెండ్లి జాకెట్లు ఆగిపోయినయ్!"

"జర ఆగు పద్మా, ఈ డబ్బా అయిపోనియ్యి. ఇస్త."

టైలు కట్టుకున్న క్లయింట్ల మధ్య సోఫాలో కూర్చుని, సాయంత్రం దాకా ఉండి, బెల్టు తీసుకునే వెళ్లింది వదిన. ఆ తర్వాత అన్న బాలానగర్ వెళ్లి రెండు బెల్టులు తెచ్చాడు. ఒకటి మిషన్‌కి, ఒకటి వదినకి.

మాకో పద్ధతి ఉండేది. మిషన్ మొరాయిస్తే మూత తీయకముందు ఇద్దరం దాని మీద అరచేతులు పెట్టాలి. ఎక్కడ పట్టేస్తోందో చేతికి తెలుస్తుంది. "ఏడ గుంజుతుందో చెప్పు చెల్లె" అనేవాడు. ఇద్దరం ఒప్పుకుంటేనే స్క్రూడ్రైవర్. ఇద్దరం చెయ్యి పెట్టి చూడకుండా 'పోయింది' అన్న మాట నోట్లోంచి రాకూడదు. ఈ రూల్ పెట్టింది అన్నే.

పోయిన వేసవిలో బిగించే మిషన్ ఆగింది. నేను వెళ్లేసరికే మూత తీసేసి ఉంది. అన్న చేతులు ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

"ఖతం చెల్లె. లోపటి పళ్ల చక్రం పోయింది. ఇగ దొర్కదు."

"ఒకసారి చెయ్యి పెట్టి చూద్దాం అన్నా."

"నువ్వే పెట్టు. నాకెర్కే గదా."

బాధలో ఉన్నాడనుకున్నాను. నమ్మాను. అన్న మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతాను!

ఆ మిషన్ లేకపోతే మా సెక్షనే లేదు. మూసేశారు. నన్ను కంప్యూటర్‌లో కస్టమర్ల కంప్లైంట్ టికెట్లు క్లోజ్ చేసే ఈ ఉద్యోగంలోకి తోశారు. రెండు మిషన్లనూ ట్రాలీ ఆటోలో తుక్కు కింద బాలానగర్ పంపేశారు. నేను గేటు దగ్గర నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను. అన్న నా పక్కనే ఉన్నాడు.

"ఏడ్వకు చెల్లె. ఏం జేస్తం, గిట్లనే ఉంటది."

నిన్న మదీనాగూడలో అన్న ఇంటి దగ్గర అన్నీ అయిపోయాక, వదిన నన్ను లోపలికి పిలిచి ఒక జేబురుమాలు మూట ఇచ్చింది. విప్పితే ఇత్తడి పళ్ల చక్రం. ఒక్క పన్ను కూడా విరగలేదు.

"ఆయనే ఊడబీకి తెచ్చిండు. నాకేమన్న అయితే చెల్లెకియ్యి అన్నడు."

"ఎందుకు పీకాడు వదినా?"

"చేతులు వణుకుడు షురువైంది గదా. బ్లేడు పెట్టనీకె రాకపోతుండె. నీకు జెప్పలేదా? నీకు ఎరుకే అనుకున్న."

నాకు తెలియదు. రోజంతా పక్క స్టూలు మీద కూర్చున్నదాన్ని, నాకే తెలియదు.

ఆఫీసులో ఆ చివరి నెలల్లో చాయ్‌కి పిలిస్తే "నువ్వు తాగి రాపో" అనేవాడు. షుగర్ ఏమో అనుకున్నాను. కాదు, కప్పు పట్టుకుంటే వణుకు నేను చూస్తానని.

ఎంత పని చేశావన్నా!

నీ చేతులు మాట వినడం లేదని చెప్పలేక మిషన్ పోయిందన్నావు. పాపం, అది బాగానే ఉంది. బాగున్నదాన్ని తుక్కులోకి తోశావు. నేను దాని కోసం ఏడుస్తుంటే పక్కన నిలబడి ఓదార్చావు కూడా. ఆ చక్రం అప్పటికే నీ ఇంట్లో ఉంది.

ఇప్పుడు ఇచ్చావు. బిగిద్దామంటే మిషన్ లేదు. తిడదామంటే నువ్వు లేవు.

పొద్దుటి నుంచి అది నా టేబుల్ మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? నువ్వు స్టూలు మీద కూర్చుని "ఇటు జరుపు, ఇంక జర" అంటూ ఉంటే బ్లేడు నేను పెట్టేదాన్ని. నా చేతులు బాగానే ఉన్నాయి కదా అన్నా. నన్ను అడగాల్సింది నువ్వు.

సరే, వెళ్లావు. అక్కడైనా జేబుల్లోంచి చేతులు తీసి, చాయ్ ఒలకకుండా ప్రశాంతంగా తాగు.

నా కోపం తగ్గడానికి మాత్రం టైం పడుతుంది.