మా మేనత్త వ్యాన్‌కు యాంటెన్నా బిగించిన రోజు

నా చిన్నప్పుడు మాకు వానాకాలం అంటే వాగు భయమే. మా ఊరు బోథ్ అవతల, అడవి అంచున ఉండేది. ఇళ్లన్నీ వాగుకు ఇవతల, మా పత్తి చేను వాగుకు అవతల గుట్ట కింద. ఎండాకాలంలో మడమలు కూడా తడవకుండా దాటే వాగు, పైన వానలు కురిస్తే చెప్పాపెట్టకుండా నిండుగా వచ్చేసేది. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. మబ్బు పట్టిన రోజు బాపు చేనుకు పోతే, ఆయన తిరిగి వాకిట్లో అడుగు పెట్టేదాకా అవ్వ ఏ పనీ కుదురుగా చేసేది కాదు. పొయ్యి మీద రొట్టె మాడుతున్నా ఆమె చూపు దారి మీదే ఉండేది. ఆమెను చూసి చూసి నాకూ అదే అలవాటైంది.

ఆ ఏడు పంద్రాగస్టుతో కలిసి వచ్చిన సెలవులకు మా మేనత్త, మామ కరీంనగర్ నుంచి వచ్చారు. మేనత్త మా బాపుకు చెల్లెలు. అక్కడ ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. మామది రేడియోలు బాగు చేసే పని. ఇద్దరికీ వైర్‌లెస్ సెట్లో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడటం అంటే ప్రాణం. అందుకోసం పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నారు. సెలవు దొరికితే చాలు, సెట్టు పెట్టుకుని తమ పాత వ్యాన్‌లో ఊళ్లు తిరిగేవాళ్లు. అందులో పడుకోవడానికి బల్లలు, వంటకు పంపు స్టవ్వు, నీళ్లకు డ్రమ్ము ఉండేవి. లోపల తల తగలకుండా నిలబడాలని మామ దాని ఇనుప కప్పును చాలామటుకు కోయించేసి, చెక్కతో ఎత్తు పెంచి, పైన రెక్సిన్ వేయించాడు. మా ఊళ్లో దాన్ని సంసారం బండి అనేవాళ్లు. పిల్లలం దాని చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయేవాళ్లం.

వాళ్లు వచ్చిన రాత్రే మా తమ్ముడికి జ్వరం తగిలింది. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. బాపు మాత్రం చేనుకు పోక తప్పలేదు. ఎడ్లు అవతల కొట్టంలోనే ఉన్నాయి, పత్తిలో నీళ్లు నిలిచాయి, కాలువ తీయకపోతే మొక్క కుళ్లిపోతుంది. తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "పొద్దు వంగక ముందే వస్త. తగ్గకుంటె గీ బండిలనే బోథ్ దవాఖానకు తీస్కపోదాం" అని అవ్వకు చెప్పి బయలుదేరాడు. వ్యాన్ నడపడం మామ ఒక్కడికే వచ్చు. ఆయన కూడా బాపుకు తోడుగా వెళ్లాడు.

మామ పోతూ పోతూ చేతిలో పట్టేంత చిన్న సెట్టు ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి భుజానికి తగిలించుకున్నాడు. వ్యాన్‌లో ఉన్న పెద్ద సెట్టుకు కొత్త యాంటెన్నా ఒకటి తెచ్చారు. ఇంకా డబ్బాలోంచి తీయనే లేదు. లోపల ఉన్న పొట్టి కడ్డీతో మాట ఊరి పొలిమేర దాటేది కాదు. అత్తయ్య ఆ పూట కొత్తది బిగిస్తే, మధ్యాహ్నం నుంచి తన సెట్టు ఆన్ చేసి ఉంచుతాననీ, గుట్ట దాకా మాట వస్తుందో లేదో చూద్దామనీ మామ చెప్పి వెళ్లాడు. అది వాళ్లకు సరదా పని. ఎవరూ అంతకంటే ఎక్కువ అనుకోలేదు.

వాళ్లు వెళ్లిన కాసేపటికి వాన మొదలైంది. అత్తయ్య యాంటెన్నా సంగతి పక్కన పెట్టి, అవ్వతో కలిసి తమ్ముడికి తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. తన దగ్గరున్న జ్వరం గోలీ సగం చేసి వేసింది. మధ్యాహ్నానికి వాడికి చెమట పోసి, ఒళ్లు చల్లబడింది. జొన్న జావ తాగి, లేచి కూర్చుని, పంపు స్టవ్వు చూపించమని మారాం మొదలుపెట్టాడు. అవ్వ ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుగు కనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు.

పై ఊరి నుంచి ఒక పెద్దమనిషి గొంగడి కప్పుకుని, పరుగులాంటి నడకతో మా వాకిట్లోకి వచ్చాడు. వాగు పక్క ఇళ్లన్నిటికీ చెప్పుకుంటూ వస్తున్నాడట.

"పైన చెరువు కట్ట కోసుకపోతున్నది. ఇయ్యాల ఆగేటట్టు లేదు. తెగితె నీళ్లన్నీ గీ వాగులకే వస్తయ్. మీవోళ్లు ఎవరన్న అవతలుంటె ఆపుకోండ్రి" అని చెప్పి, పక్కింటి వైపు వెళ్లిపోయాడు.

పక్కింటి అన్నలిద్దరు తాడు పట్టుకుని వాగు వైపు పరుగెత్తారు. కానీ మేం దాటే చోటు దూరం, దారంతా మోకాటి లోతు బురద. వాళ్లు చేరేలోపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. చేరినా, ఆ హోరులో ఈ ఒడ్డు నుంచి అరిస్తే ఆ ఒడ్డుకు వినపడదు.

అవ్వ గడప మీద కూలబడింది. "ఆయన ఆగడు. పిలగానికి జ్వరమని పానమంత ఈడనే పెట్టుకొని పోయిండు. నడుం లోతు నీళ్లున్నా దిగుతడు" అంది. ఆ మాట నిజమని నాకూ తెలుసు. 

అత్తయ్య కొంగు నడుముకు చుట్టి, వానలోనే వ్యాన్ దగ్గరకు వెళ్లి, ముందు ఆకాశం వైపు చూసింది. ఉరుములూ మెరుపులూ ఏమైనా ఉన్నాయేమోనని చూసిందట. ఏమీ లేవు, ఎడతెగని వాన మాత్రమే. అప్పుడు డబ్బా విప్పింది.

అసలు ఆ కొత్త యాంటెన్నా కడ్డీని కప్పు నడుమ నిలబెట్టాలి. కానీ కప్పంతా చెక్క. కింద ఇనుము లేకపోతే మాట దూరం పోదని అత్తయ్య పని చేస్తూనే నాకు చెప్పింది. పాత కప్పులో డ్రైవరు తల మీది రేకు ఒక్కటే మిగిలి ఉంది. దాని అంచున వాననీళ్లు జారిపోయే ఇనుప గాడి ఉంది. కడ్డీని పట్టి ఉంచే ఇనుప పట్టీని ఆ గాడికి బిగించాలని తేల్చుకుంది. అవ్వ నిచ్చెన తెచ్చి పట్టుకుంది. నేను వ్యాన్ ముందు భాగం మీదికి ఎక్కి, గాడి మీది రంగును కొడవలితో గీకాను. రంగు ఉంటే పట్టీకి ఇనుము తగలదు, తగలకపోతే బిగించీ లాభం లేదు. వాననీళ్లు కళ్లలో పడుతున్నాయి. కొడవలి జారుతోంది. ఎంత గీకినా "ఇంక జర గీకు బిడ్డా" అంటోంది అత్తయ్య. చివరికి కింద తెల్లటి ఇనుము మెరిసింది.

పట్టీకి ఒక బోల్టు బిగిసింది. రెండోది అత్తయ్య తడి వేళ్లలోంచి జారి బురదలో పడిపోయింది. ముగ్గురం బురదంతా కెలికాం. దొరకలేదు. ఒక్క బోల్టుతో పట్టీ గాలికి ఊగుతోంది, ఊగినప్పుడల్లా ఇనుము నుంచి లేస్తోంది. అత్తయ్య ఇక వెతకలేదు. వైరు లోపలికి లాగి సెట్టుకు తగిలించి, ఆన్ చేసి, మైకు నా చేతిలో పెట్టింది.

"నేను పైన పట్టీ ఒత్తి పట్టుకుంట. మీ అవ్వ నిచ్చెన ఇడిస్తె నేను పడత. మాట్లాడుడు నీ పనే. గీ బటన్ నొక్కి మాట్లాడు, చెప్పినంక ఇడువు" అని చెప్పి నిచ్చెనెక్కింది.

నేను మొదటి సగమే విన్నాను. బటన్ నొక్కాను. "బాపూ, వాగు దాటకు. చెరువు తెగుతున్నది బాపూ. రాకు. మామా, బాపును రానియ్యకు" అంటూ మొదలుపెట్టాను. ఒకసారి చెప్పాక మళ్లీ చెప్పాను. జవాబు రాలేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా చెప్పాను. ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. బటన్ నొక్కిన బొటనవేలు పాలిపోయి తెల్లబడింది. మాట ఆపితే బాపు నీళ్లలో దిగుతాడనిపించింది. నా గొంతే ఆయన్ను ఒడ్డున కట్టి పడేసిన తాడు అన్నట్టు పట్టుకుని లాగుతున్నాను. బయటి నుంచి అత్తయ్య ఏదో అరిచింది. వాన చప్పుడులో నాకు అర్థం కాలేదు.

అత్తయ్య నిచ్చెన దిగి తలుపు దగ్గరకు వచ్చింది. ఆమె జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. కోప్పడుతుందనుకున్నాను. ఆమె నా బొటనవేలిని తన వేళ్లతో పట్టుకుని, నెమ్మదిగా బటన్ మీదినుంచి లేపింది.

"నువ్వు నొక్కిపట్టినంత సేపు అవతలోళ్ల మాట నీకు రాదు బిడ్డా. నీ మాట చెప్పినవ్. ఇగ ఇడిసిపెట్టి వాళ్ల మాట విను."

"వాళ్లేం అనకుంటె?"

"అంటరు. గా జర సేపు ఓర్చుకోవాలె. గదే కష్టం, నాకు తెలుసు. అయినా ఓర్చుకో" అని, మళ్లీ నిచ్చెనెక్కి పట్టీ ఒత్తిపట్టింది.

బటన్ వదిలేసి కూర్చున్నాను. సెట్టులోంచి బరబరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత పొడుగైన సమయం నా జీవితంలో మరొకటి లేదు. వేలు దానంతటదే బటన్ వైపు పోతుంటే, రెండో చేత్తో పట్టి ఆపుకున్నాను. అప్పుడు చప్పుడు తెగి, మామ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"వినబడ్డది. చెరువు సంగతి వినబడ్డది. ఒడ్డు మీదనే ఉన్నం. మీ బాపు నా మాట వింటలేడు. పిలగానికి ఎట్లున్నదో చెప్పుమంటుండు. జల్ది చెప్పు."

అదే మాట మామ అప్పటికే చాలాసార్లు అడిగాడట. నేను బటన్ వదలకపోవడంతో అవన్నీ గాలిలో కలిసిపోయాయి. ఇంతసేపూ నా భయం చెప్పాను గానీ, తమ్ముడి ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన్ను నీళ్లలోకి లాగుతున్నది ఆ జ్వరమే అని తెలిసి కూడా ఎత్తలేదు.

"తమ్మునికి జ్వరం దిగింది బాపూ. చెమట పోసింది. జావ తాగిండు. లేసి కూసున్నడు" అని చెప్పి, వదిలాను.

ఈసారి వచ్చింది బాపు గొంతు. సెట్టు అలవాటు లేక గట్టిగా అరుస్తున్నాడు. "నిజంగనేనా బిడ్డా? నన్ను ఆపుతందుకు అంటున్నవా? మీ అవ్వతోటి చెప్పించు."

అవ్వ నిచ్చెన వదిలి రాలేదు. వైరు సాగినంత దూరం మైకును తలుపు బయటికి చాచి, బటన్ నొక్కాను. అవ్వ అంతకు ముందు ఎన్నడూ అలాంటి వాటి దగ్గరికి కూడా పోలేదు. వానలో నిలబడి, నిచ్చెన పట్టుకునే, మొహం మైకు వైపు తిప్పి, "పిలగాని నుదురు సల్లగున్నది. నా మీద ఒట్టు. నువ్వు గుట్ట మీదికి పో" అంది. అంతే. నేను వదిలాను.

మళ్లీ ఆ బరబర. నేనూ అవ్వా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం. కొంతసేపటికి బాపు, "సరే. ఎడ్లను తోల్కొని గుట్టెక్కుతున్నం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అవ్వ తల పైకెత్తి ఆ మాట అత్తయ్యకు అరిచి చెప్పింది.

పక్కింటి అన్నలు పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చారు. వాళ్లు వాగు చేరేసరికే చెరువు నీళ్లు వచ్చేశాయట. దాటే చోట రాళ్లు గానీ బండి బాట గానీ ఆనవాలు లేవు. మా కొట్టం కొట్టుకుపోయిందని చెప్పారు. గుట్ట మీద ఇద్దరు మనుషులనూ ఎడ్లనూ చూశామని కూడా చెప్పారు. ఆ మాట విన్నాకే అవ్వ తడిచీర మార్చుకుంది.

మర్నాడు వాగు తగ్గాక బాపు, మామ ఇల్లు చేరారు. బాపు చెప్పులు కూడా విడవకుండా లోపలికి పోయి తమ్ముడి నుదురు తాకి చూశాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు. అత్తయ్య అరచేతులు రెండూ పట్టీ అంచుకు కోసుకుపోయి ఉన్నాయి. ముందురోజు అవి ఎవరికీ చూపించలేదు. అవ్వ ఆ చేతులకు పసుపు పెట్టి, పెట్టడం అయిపోయాక కూడా చాలాసేపు వాటిని తన ఒళ్లోనే ఉంచుకుంది.

ఇప్పుడు నా మనవరాలు ఆ రోజు నాకున్న వయసు దాటింది. పెద్దదాన్నయ్యాను గానీ భయం నన్ను వదల్లేదు. మొన్న వానల్లో మా చిన్న కూతురు బెల్లంపల్లి నుంచి ఫోన్ చేసింది. అవతల ఏడుపు వినపడగానే, అల్లుడితో గొడవేమో, పిల్లకు బాగా లేదేమో అని, బస్సెక్కమనీ వద్దనీ, మేమే వస్తున్నామనీ ఊపిరి తీయకుండా మాట్లాడటం మొదలుపెట్టాను. మధ్యలో నాకే తెలిసి ఆగిపోయాను. ఫోన్ చెవికి ఆనించుకుని ఊరుకున్నాను. చాలాసేపటికి అది ముక్కు తుడుచుకుని, "నాకేం కాలే అవ్వా. జర నీతోని చెప్పుకోవాలనిపించింది" అని, తన బాధ చెప్పడం మొదలుపెట్టింది. నేను అనుకున్నవాటిలో ఒక్కటీ కాదు అది. సగం మాటల్లో నేను అడ్డుపడి ఉంటే ఎప్పటికీ చెప్పేది కాదు.

నా మాట అయిపోయిన తర్వాత, అవతలివాళ్ల మాట మొదలయ్యేలోపు ఉండే ఆ కాస్త నిశ్శబ్దం నాకు ఇప్పటికీ భయమే. అయినా ఓర్చుకుంటాను.