బాషా గారి ముందు చదవాల్సిందే

బ్రాడీపేట నాలుగో లైన్లో డీటీపీ సెంటరు నడిపే మొహిద్దీన్ బాషా గారు కాగితం చూసి ఒక్క అక్షరం కూడా కొట్టరు. రాసుకొచ్చినవాళ్లు పక్కన స్టూలు మీద కూర్చుని పైకి చదవాలి. ఆయన వింటూ కంప్యూటర్లో కొడతారు. థీసిస్‌కీ ఇదే పద్ధతి, శుభలేఖకీ ఇదే పద్ధతి. ఒక పెళ్లికొడుకు తన శుభలేఖ చదువుతూ పెళ్లికూతురి పేరు దగ్గర తడబడితే, "ఇంకో వారం ఆలోచించుకుని రా నాయనా" అని వెనక్కి పంపేశారట.

ఆయనకి చేతిరాత చదవడం రాదని కొందరన్నారు. చత్వారమని ఇంకొందరన్నారు. కోర్టులో టైపిస్టుగా చేసినప్పటి అలవాటని ఎదురుగా ఉన్న జిరాక్సు షాపాయన అనేవాడు. కారణం ఏదైనా, ఆయన ఊరికే వింటే సరిపోయేది. మధ్యమధ్యలో ప్రశ్నలు కూడా వేస్తారు. ఒక పెద్ద లెక్చరరు గారు తన థీసిస్ గంభీరంగా చదువుతుంటే ఆపి, "ఈ పేజీ పోయినేడాది ఇంకొకాయన చదివారండి. ఆయన గొంతు ఇంకా బాగుంటుంది" అన్నారు. అని ఊరుకున్నారా? పాత ఫైలు వెతికి రెండు పేజీలూ పక్కపక్కన తెరిచి చూపించారు. లెక్చరరు గారు స్టూలు మీదే మరిచిపోయిన కళ్లజోడు కోసం కూడా మళ్లీ రాలేదు.

అలాంటి మనిషి దగ్గరికి 2003 మే నెలలో రెబ్కా నాలుగు వందల పేజీల కట్టతో వచ్చింది. పొదిలి దగ్గరి పల్లె ఆమెది. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. తల్లి వీరమ్మ ఏటా ముఠాతో గుంటూరు వైపు మిరప కోతలకి వస్తుంది. ఆ కోతల్లో ఆడవాళ్లు పాడుకునే పాటల మీదే రెబ్కా పరిశోధన.

రాయడంలో ఆమెకి తిరుగులేదు. పెద్దవాళ్ల ముందు నిలబడితే మాత్రం గొంతు పెగలదు. యూనివర్సిటీ సెమినార్లో ఏడు నిమిషాలు అలాగే నిలబడిపోయింది. వెనక వరసలోంచి ఎవరో, "రిజర్వేషన్ సీట్లు ఇంతే" అన్నారు. గైడు గారు బయటికి పిలిచి, "థీసిస్ బంగారమమ్మా. వైవాలో కూడా ఇలా నిలబడితే మాత్రం డిగ్రీ పోయినట్టే" అని చెప్పేశారు.

"కాగితాలు ఇక్కడ పెట్టి వెళతానండి" అంది రెబ్కా.

"పెట్టి వెళితే వాటితో నేనేం మాట్లాడనమ్మా? కూర్చో. చదువు."

రెబ్కా చదివింది. బాషా గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఫ్యాను వినపడుతోంది, నువ్వు వినపడటం లేదు" అంటూ లేచి ఫ్యాను కట్టేశారు. గుంటూరు మే నెలలో ఫ్యాను కట్టేయడమంటే హత్యాయత్నం కింద లెక్క. చెమటకి భయపడి రెబ్కా గొంతు పెంచింది.

అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. "కూలివాళ్లు పాడుకునేవాటికి పరిశోధన ఎందుకమ్మా?" "పుస్తకంలో లేనిది సాహిత్యమెలా అవుతుంది?" "మీ అమ్మ పాట కాబట్టి గొప్పదంటున్నావేమో?"

రెబ్కా వారం రోజులు పంటిబిగువున భరించింది. టీ తెచ్చిన బాషా గారి భార్య సర్దార్‌బీతో, "నేనంటే ఆయనకెందుకండీ అంత కోపం?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నీకు నయం తల్లీ. నాచేత కూరగాయల చీటీ చదివిస్తారు. వంకాయలు ఎందుకో నిరూపించమంటారు" అంది సర్దార్‌బీ.

తొమ్మిదో రోజు రెబ్కాకి ఒళ్లు మండింది. లేచి నిలబడి, కోతల్లో పాట ఎందుకు పుడుతుందో, ఎవరు ఎత్తుకుంటారో, అది పుస్తకాల్లోకి ఎందుకు రాలేదో, ఎవరు రానివ్వలేదో అరగంట సేపు దులిపేసింది. జిరాక్సు షాపులో జనమంతా గుమ్మంలోకి వచ్చేశారు. బాషా గారు తల ఎత్తకుండా, "కాస్త నెమ్మదిగా చెప్పమ్మా, కొట్టుకుంటున్నాను" అన్నారు.

ఆగస్టులో వైవా. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు మీదుగా చూసి, "కూలివాళ్లు పాడుకునేవాటికి పరిశోధన ఎందుకమ్మా?" అన్నాడు.

రెబ్కాకి నవ్వొచ్చింది. రెండో ప్రశ్న కూడా పాతదే. మూడోది పూర్తికాకుండానే జవాబు మొదలుపెట్టింది. చివరికి వెనక వరసలో వాళ్లు కూడా నోట్సు రాసుకుంటూ కనిపించారు.

డాక్టర్ రెబ్కా తిన్నగా ఆటో ఎక్కి బ్రాడీపేట వచ్చి పడింది. "ఆ ప్రశ్నలు మీకెలా తెలుసండీ?"

బాషా గారు గోడ వైపు చూశారు. సర్దార్‌బీయే, "ఆ ఫైలు చూపించండి" అని గద్దించింది.

ఫైలు తెరుచుకుంది. వైవా అయ్యాక దిద్దుబాట్ల కోసం వచ్చిన ప్రతివాళ్లనీ ఏమడిగారో అడిగి, పదేళ్లుగా కొట్టిపెట్టుకున్న ప్రశ్నలు. నాలుగు వందల పన్నెండు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో కూడా ఉంది. మొదటి పేరు అంకమ్మరావు.

"గొర్రెలు కాసే ఇంటివాడమ్మా. అప్పట్లో నేనూ కాగితం చూసే కొట్టేవాణ్ణి. అక్షరం తప్పు పోనివ్వలేదు. వైవాలో మొదటి ప్రశ్నకే నోరు పడిపోయిందట, చదువే వదిలేశాడు. ఉన్నవాళ్ల పిల్లల్ని ఇంట్లో నాన్నలు, మామయ్యలు అడుగుతారు. మిమ్మల్ని ఎవరు అడుగుతారు?"

"మరి శుభలేఖలు, కూరగాయల చీటీలు ఎందుకండీ?"

"మీ ఒక్కళ్లనే చదవమంటే మీకు చిన్నతనంగా ఉంటుంది కదా" అన్నారు బాషా గారు మెల్లగా.

ఒక్క అంకమ్మరావు కోసం ఈయన పదేళ్లపాటు ఊరంతటితో పిచ్చివాడనిపించుకున్నారు. ఎంతమంది ప్రొఫెసర్లకి చేతులు కట్టుకుందో గాని, ఇంత పెద్ద గురువుని రెబ్కా చూడలేదు.

"సరేగాని, ఇందులో లేనిది ఏమైనా అడిగారా?" ఆయన అప్పటికే కీబోర్డు మీద చేతులు పెట్టారు.

"ఒకటి అడిగారండి. పాడినవాళ్లకి ఈ పరిశోధన వల్ల ఏం ఒరిగిందని. ముందు వాళ్లకి చదివి వినిపిస్తాను, వాళ్లనే అడగండన్నాను. ఆదివారం మా ఊళ్లో చదువుతున్నాను, మీరు రావాలి."

ఆదివారం రెబ్కా, బాషా గారు పొదిలి బస్సెక్కి వెళ్లారు. రెబ్కా చదవడం అయ్యాక వీరమ్మ బాషా గారి వైపు తిరిగింది.

"మా పాటలు మిషన్లో కొట్టింది నువ్వేనా అయ్యా? ఏదీ, ఒకటి పాడు."

గుంటూరంతటి నోరూ తెరిపించిన బాషా గారు నోరెళ్లబెట్టారు. రెబ్కా చదవగా విన్నదే తప్ప పాట ఆయన వినలేదు. చివరికి కళ్లు మూసుకుని, ఒక పాట నాలుగు చరణాలూ పొల్లుపోకుండా అప్పజెప్పారు.

"చదవమన్లేదయ్యా, పాడమన్నా" అంది వీరమ్మ. ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఆయనకి బాణీ నేర్పడం మొదలుపెట్టారు. గుంటూరు బస్సులు రెండు వెళ్లిపోయినా ఆయన్ని లేవనివ్వలేదు.