నీలిపూల గ్లాసు

ఉడికిన మామిడికాయలో యాలకులు కలిసిన వాసన వస్తే, నాకు ఇప్పటికీ చంద్రపూర్‌లోని గని ఆఫీసర్ల కాలనీయే గుర్తుకొస్తుంది. చైత్రమాసపు హల్దీకుంకూ పేరంటానికి మేనేజరు గారి భార్య మా అమ్మను కూడా పిలిచేది. నా చిన్నప్పుడు ఒక ఏడాది, కొత్త కేబుల్ టీవీ మోగుతుండగా, కూలర్ ముందు కూర్చున్న ఆఫీసర్ల భార్యలకూ, ఆమె కూతురు నేహాకూ మామిడికాయ పానకం, పన్హా, నీలిపూల గాజు గ్లాసుల్లో వచ్చింది. గని కార్మికుడి ఇంటివాళ్లమైన మాకు స్టీలు గ్లాసులు వచ్చాయి. నేహా గ్లాసులో తేలే మంచుముక్కను చూస్తూ అమ్మ కొంగు లాగాను.

"మనకెందుకియ్యలే అమ్మా గసొంటిది?"

"చెయ్యి జారితే పగుల్తది బిడ్డా. సప్పుడు జెయ్యక తాగు."

ఆ కారణాన్ని నేను పూర్తిగా నమ్మాను. ఏడాదంతా ఖాళీ జామ్ సీసాలో నీళ్లు నింపుకుని, చుక్క ఒలకకుండా వాకిట్లో నడిచాను. మరుసటి చైత్రంలో రెండు చేతులూ చాచి, "ఆంటీ, నేను పగలగొట్టను" అని మరాఠీలో చెప్పాను. ఆమె నవ్వి నాకు నీలిపూల గ్లాసు ఇచ్చింది. అమ్మకు మళ్లీ స్టీలు గ్లాసే ఇచ్చింది. అమ్మ తలెత్తలేదు.

ఎవరైనా చెప్పిన కారణాన్ని ఒప్పుకునే ముందు దాన్ని ప్రశ్నించాలని చాలా ఏళ్ల తర్వాత కాలేజీ చర్చల్లో నేర్చుకున్నాను. ఆ రోజు మాత్రం నేహా పక్కన దర్జాగా కూర్చుని, పాపం, అమ్మ సాధన చేయలేదు కదా అనుకున్నాను.